కంపోస్టబుల్ గ్లాసుల రేణువులు ఒంట్లోకి వెళితే ఏమవుతుంది?

మీ ప్రశ్న చదివాను. పిల్లల కోసం కంపోస్టబుల్ అని రాసి ఉన్న గ్లాసులు, ప్లేట్లు వాడుతున్నారు. "మొక్కల నుంచి చేసిందే కదా, ఆపరేషన్‌లో కుట్లు వేసే దారం కూడా అదే, లోపలికి వెళ్లినా కరిగిపోతుంది" అని ఒకరు ధైర్యం చెప్పారు. "మామూలు ప్లాస్టిక్ కంటే ఇదే ప్రమాదమట, ఎలుకల మీద తేలింది" అని ఇంకొకరు భయపెట్టారు. వాడేసినవాటిని ఇంట్లో కంపోస్ట్ చేసి కూరగాయల మొక్కలకు వేయొచ్చా అని కూడా అడిగారు.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ ఇద్దరూ దాన్ని మరీ సాగదీశారు. ఈ పాలిమర్లు, అంటే చిన్న అణువులు గొలుసులా కలిసి ఏర్పడే ప్లాస్టిక్ పదార్థాలు, ఎలా విచ్ఛిన్నమవుతాయో చూడటమే చాలా ఏళ్లుగా నా పని కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ ప్లాస్టిక్ చివరికి హాని లేని పదార్థంగా మారుతుంది కాబట్టి సురక్షితం అనే వాదన నాకు సరిపోదు. ఆ చివరికి చేరేలోపు అది ఎంతకాలం రేణువుగా ఉంటుంది, ఎంత సైజులో ఉంటుంది, దానితోపాటు ఇంకేం కలిసి ఉన్నాయి అన్నది చూడాలి.

మీ గ్లాసు బహుశా పీఎల్ఏతో, అంటే పాలీలాక్టిక్ ఆసిడ్‌తో చేసినది. మొక్కజొన్న పిండి నుంచి గానీ చెరకు నుంచి గానీ వచ్చే చక్కెరను సూక్ష్మజీవులతో పులియబెడితే లాక్టిక్ ఆసిడ్ వస్తుంది. ఆ అణువులను వరసగా పూసల్లా గుచ్చితే వచ్చే దండ పీఎల్ఏ. లాక్టిక్ ఆసిడ్ మన ఒంటికి కొత్త కాదు. గట్టిగా పరుగెత్తినప్పుడు కండరాల్లో అదే తయారవుతుంది, కాలేయం దాన్ని మళ్లీ గ్లూకోజ్‌గా మార్చుకుంటుంది. కాబట్టి దండ పూర్తిగా పూసలుగా విడిపోతే ఇబ్బంది లేదు. మీకు ధైర్యం చెప్పిన వ్యక్తి మాట ఇంతవరకు సరైనదే.

చిక్కల్లా ఆ విడిపోవడంలో ఉంది. పీఎల్ఏలోని బంధాలను తెంచాల్సింది నీళ్లు. నీళ్లు లోపలికి చొరబడాలంటే గొలుసులు, అంటే నేను పైన చెప్పిన దండలు, కాస్త కదలాలి. పీఎల్ఏ గొలుసులు సుమారు 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దాటితేనే వదులవుతాయి. అంతకంటే తక్కువలో గాజులా బిగుసుకుని ఉంటాయి. మన ఒళ్లు 37 డిగ్రీలు. మింగిన వస్తువు పేగుల్లో ఉండేది ఒకటి రెండు రోజులు, మహా అయితే ఇంకొంచెం ఎక్కువ. ఆ వేడిలో, అంత తక్కువ సమయంలో పీఎల్ఏ ముక్క కరిగిపోదు. కంటికి కనిపించే సైజు ముక్క అయితే వెళ్లినట్టే బయటికి వచ్చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తాగునీటిలోని మైక్రోప్లాస్టిక్‌ల మీద ఇచ్చిన నివేదిక కూడా 150 మైక్రోమీటర్ల (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద రేణువులు పేగు గోడ దాటి ఒంట్లోకి చేరే అవకాశం తక్కువనే చెప్పింది. కాబట్టి మీ పాప గ్లాసు అంచు కొరికి చిన్న ముక్క మింగేసిందని టెన్షన్ పడక్కర్లేదు. మనం మాట్లాడుకోవాల్సింది అంతకంటే చాలా చిన్న రేణువుల గురించి.

ఇక కుట్ల దారం సంగతి. ఒంట్లో కలిసిపోయే కృత్రిమ దారాలు 1970ల నుంచి వాడకంలో ఉన్నాయి. కానీ ఎక్కువగా వాడేవి పాలీగ్లైకోలిక్ ఆసిడ్‌తోనో, గ్లైకోలిక్ ఆసిడ్ ఎక్కువగా లాక్టిక్ ఆసిడ్ కొద్దిగా కలిపిన పాలిమర్‌తోనో చేసినవి. గ్లైకోలిక్ భాగం నీటిని సులువుగా పీల్చుకుంటుంది కాబట్టి అవి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో పోతాయి. ఇదే కుటుంబానికి చెందిన పీఎల్‌జీఏ అనే పాలిమర్‌తో చేసిన సూక్ష్మ గుళికల్లో మందు నింపి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే ల్యూప్రాన్ డిపో అలాంటిదే, అమెరికాలో దానికి 1989లో అనుమతి వచ్చింది. అంటే విచ్ఛిన్నమయ్యే ప్లాస్టిక్ రేణువులను డాక్టర్లు దశాబ్దాలుగా తెలిసే మనుషుల ఒంట్లోకి ఎక్కిస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు. "ఈ పాలిమర్లు స్వతహాగా విషం" అనేవాళ్లకు నేను మొదట గుర్తుచేసేది ఇదే.

అయితే ఆ గుళికలనూ మీ గ్లాసునూ ఒకే గాటన కట్టలేం. వైద్యానికి వాడే పాలిమర్‌లో మిగిలిపోయిన ఉత్ప్రేరకం ఎంత, విడి అణువులు ఎంత, గొలుసు పొడవు ఎంత, గుళిక సైజు ఎంత అన్నీ కొలుస్తారు. ఒంట్లోకి వెళ్లే మోతాదు ముందే తెలుసు, ఎన్ని రోజుల్లో పోతుందో తెలుసు. గ్లాసు కోసం తీసిన పీఎల్ఏలో రంగులు, మెత్తదనం కోసం కలిపేవి, గొలుసులను మళ్లీ అతికించే రసాయనాలు, టాల్క్ లాంటి పొడులు, కొన్నిసార్లు వేరే పాలిమర్లు కూడా ఉంటాయి. ఏవి ఎంత కలిపారో పైన లేబుల్ మీద ఉండదు.

పైగా వైద్యరంగంలో కూడా కథ అంతా సాఫీగా సాగలేదు. ఈ విషయం ఎక్కువమంది చెప్పరు, నాకైతే ఇందులోనే నేర్చుకోవాల్సింది ఉంది. చెంప ఎముక విరిగినవాళ్లకు లోహపు ప్లేట్లకు బదులు పీఎల్ఏలో స్ఫటికాలు, అంటే గొలుసులు వరసగా పేర్చుకుని గట్టిపడిన భాగాలు, ఎక్కువగా ఉండే రకంతో చేసిన ప్లేట్లు, స్క్రూలు బిగించి చూశారు నెదర్లాండ్స్ వైద్యులు. ఎముక బాగానే అతుక్కుంది. కానీ మూడేళ్లు గడిచాక కొందరు రోగులు ప్లేటు ఉన్నచోట వాపు వచ్చిందని తిరిగి వచ్చారు. తెరిచి చూస్తే పాలిమర్ చాలావరకు విచ్ఛిన్నమైంది గానీ స్ఫటిక భాగాలు సన్నటి ముక్కలుగా మిగిలిపోయి ఉన్నాయి. వాటిని మింగి శుభ్రం చేయాలని రక్షణ కణాలు చుట్టూ చేరాయి. ఆ వివరాలు 1990లలో వైద్య పత్రికల్లో వచ్చాయి. ప్లేటు గట్టిగా ఉన్నంతకాలం ఒళ్లు దాన్ని పట్టించుకోలేదు. పూర్తిగా లాక్టిక్ ఆసిడ్ అయిపోయాక కూడా పట్టించుకోదు. మధ్యలో కణం మింగగలిగే సైజుకు వచ్చి, అరగకుండా నిలిచిపోయినప్పుడు గొడవ మొదలైంది.

మన రక్షణ కణాల్లో మాక్రోఫేజ్ అనేది ఒకటి. కొన్ని మైక్రోమీటర్ల లోపు సైజున్న రేణువు కనబడితే బ్యాక్టీరియాను మింగినట్టే మింగేస్తుంది. లోపల ఆమ్లం, ఎంజైములు పోసి అరిగించే ప్రయత్నం చేస్తుంది. అరిగితే సరే. అరగకపోతే వాపు పుట్టించే సంకేతాలు విడుదల చేస్తుంది. రేణువు పాలిథీన్‌దా, పీఎల్ఏదా అని చూడదు. అది ఎంత సైజు, ఎంతకాలం ఉంది, ఎన్ని ఉన్నాయి అన్నవే లెక్కలోకి వస్తాయి. నెమ్మదిగా అరిగే పీఎల్ఏ అయితే ఇంకొకటి తోడవుతుంది: రేణువు చుట్టూ ఆమ్లం పెరిగి ఆ కాస్త చోట పీహెచ్ పడిపోతుంది. రక్త ప్రసరణ బాగున్న కణజాలంలో అది వెంటనే కొట్టుకుపోతుంది, లేనిచోట నిలుస్తుంది.

రెండో వ్యక్తి చెప్పిన ఎలుకల పరీక్ష బహుశా 2023లో నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో వచ్చినది. అందులో కనిపెట్టింది ముఖ్యమైన విషయమే. పీఎల్ఏ సూక్ష్మ రేణువులను ఎలుకలకు తినిపిస్తే, కొవ్వును అరిగించే లైపేజ్ ఎంజైమ్ వాటి పైపొరను కత్తిరించింది. దండ ఒక్కో పూసగా విడిపోకుండా కొన్ని కొన్ని పూసల చిన్న తునకలుగా తెగింది. వీటిని ఒలిగోమర్లు అంటారు. అవి నీటిలో కరగకుండా ఒకదానికొకటి అంటుకుని నానో రేణువులయ్యాయి, అంటే మైక్రోమీటరు కంటే కూడా సన్నటివి. పేగుల్లోనే కాక కాలేయంలో, మెదడులో కూడా కనిపించాయి. పేగు దెబ్బతిని వాపు వచ్చింది. ఎంఎంపీ12 అనే ఎంజైమ్‌కు ఈ ఒలిగోమర్లు అతుక్కుని దాని పనిని ఆపేయడం అందుకు ఒక కారణమని పరిశోధకులు చూపించారు.

నేను పైన అన్న "మధ్య దశ" ఇదే. పాలిథీన్‌ను మన ఎంజైములు ముట్టుకోలేవు కాబట్టి దాని నుంచి పేగులో ఇలాంటి తునకలు రావు. పీఎల్ఏను కొంచెం ముట్టుకోగలవు, పూర్తిగా అరిగించలేవు. విచ్ఛిన్నమయ్యే గుణమే ఇక్కడ కొత్త రకం రేణువును పుట్టించింది.

కానీ దీన్ని "మామూలు ప్లాస్టిక్ కంటే ప్రమాదం" అని చదవడం తప్పు. ఆ పరీక్షలో ఎలుకలకు కావాలని రేణువులు తినిపించి, తక్కువ కాలంలో ఏమవుతుందో చూశారు. అదే గ్లాసులో రోజూ నీళ్లు తాగిన మనిషికి ఇలా అవుతుందని వాళ్లు అనలేదు. రెండు ప్లాస్టిక్‌లను పోల్చాలంటే ఒకే సైజు, ఒకే ఆకారం, ఒకే సంఖ్య రేణువులు తీసుకోవాలి. వాటి పక్కన బంకమట్టి, సెల్యులోజ్ లాంటి సహజ రేణువులతో కూడా అదే పరీక్ష చేయాలి. అప్పుడే దెబ్బ ప్లాస్టిక్ వల్ల వచ్చిందా, ఏ రేణువైనా అంతేనా అన్నది తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. రేణువుల మీద బ్యాక్టీరియా విషపు మరకలు, అంటే ఎండోటాక్సిన్, ఉంటే అవే వాపు పుట్టిస్తాయి. వాటిని విడిగా కొలవని అధ్యయనం "వాపు వచ్చింది" అంటే నేను అంత తేలిగ్గా నమ్మను.

ఇక రేణువులతోపాటు వచ్చే రసాయనాల మాట. 2020లో జర్మనీ, నార్వే పరిశోధకులు బయోప్లాస్టిక్, మొక్కల ఆధారిత ఉత్పత్తులు 43 తీసుకుని వాటిలోంచి రసాయనాలు బయటికి లాగి కణాల మీద పరీక్షించారు. 67 శాతం నమూనాలు మామూలు విషప్రభావం చూపించాయి. 42 శాతం కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెంచాయి. 23 శాతం పురుష హార్మోన్ సంకేతాన్ని అడ్డుకున్నాయి. ముడి పాలిమర్ కంటే దానితో చేసిన వస్తువులోనే ప్రభావం ఎక్కువ కనిపించింది. అంటే నేరం ఎక్కువగా తయారీలో కలిపినవాటిదే. వాళ్లు వాడిన మిథనాల్ బలమైన ద్రావకం, మంచినీళ్లు అంత లాగవు. అందుకని ఈ అంకెలను మీ గ్లాసులోని నీళ్లకు నేరుగా అంటగట్టకూడదు. మామూలు ప్లాస్టిక్‌లతో పోలిస్తే ఇవి మెరుగ్గానూ లేవు, ఘోరంగానూ లేవు అన్నదే ఆ పనిలో తేలింది. నాకు అది నమ్మదగినదిగానే అనిపిస్తుంది. మొక్కల నుంచి వచ్చింది అనే మాటకు విషప్రభావంతో సంబంధమే లేదు.

అదే బృందం నీటిలో బతికే డాఫ్నియా అనే చిన్న జీవి మీద చేసిన పరీక్ష కూడా చెప్పాలి. పీవీసీ, పాలీయూరిథేన్, పీఎల్ఏ రేణువులను పోల్చారు. పీవీసీ విషయంలో దెబ్బ రసాయనాల వల్ల వచ్చింది. పీఎల్ఏ విషయంలో మాత్రం రసాయనాలు తీసేసినా రేణువే దెబ్బ తీసింది, బతికి బట్టకట్టినవాటి సంఖ్య అన్నిటికంటే ఎక్కువగా తగ్గింది. రసాయనాల భయం తీర్చేస్తే రేణువు భయం దానంతటదే తీరదని ఇది చెబుతోంది.

మనుషుల్లో కొలిచి చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, మా పనిలో రోజూ ఎదురయ్యేదే. కణజాలంలో ప్లాస్టిక్ వెతకాలంటే ముందు కణజాలాన్ని కరిగించేయాలి. దానికి చాలాచోట్ల పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి వేడి చేస్తారు. మాంసం, కొవ్వు కరిగిపోతాయి, పాలిథీన్ చెక్కుచెదరకుండా ఫిల్టర్ మీద మిగులుతుంది. పీఎల్ఏ ముక్కను అదే ద్రావణంలో వేసి చూడండి. ముందు మెరుపు పోతుంది, అంచులు మసకబారతాయి, పైపొర గుంటలు గుంటలుగా తినేసినట్టవుతుంది, సన్నటి రేణువులైతే మాయమే అవుతాయి. క్షారం తెంచేది సరిగ్గా ఆ బంధాలనే. వెతకాల్సిన వస్తువును వెతికే పద్ధతే మింగేస్తుంది. పద్ధతి అది కాకపోయినా చాలాసార్లు పీఎల్ఏ జాబితాలోనే ఉండదు. మనిషి రక్తంలో ప్లాస్టిక్ ఉందని 2022లో వార్తల్లోకెక్కిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 22 మంది దాతల్లో 17 మందిలో ప్లాస్టిక్ దొరికింది. వాళ్లు వెతికినవి పెట్, పాలిథీన్, పాలీస్టైరీన్, పాలీప్రొపిలీన్, పీఎంఎంఏ అనే అయిదు రకాల మామూలు ప్లాస్టిక్‌లు. పీఎల్ఏ లేదు. అందుకే ఎవరైనా "మనుషుల్లో బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ ఎక్కడా కనబడలేదు, కాబట్టి సేఫ్" అంటే ఏ పద్ధతిలో వెతికారని అడగండి.

అన్ని విచ్ఛిన్నమయ్యే ప్లాస్టిక్‌లూ పీఎల్ఏలా ఉండవు. పీహెచ్‌బీ అనేది బ్యాక్టీరియా తన ఆహార నిల్వగా స్వయంగా తయారుచేసుకునే పాలిమర్, 1920లలోనే కనిపెట్టారు. సముద్రపు నీటిలో కూడా సూక్ష్మజీవులు దాన్ని తినగలవు. దాని పూస మన రక్తంలో ఉండే కీటోన్‌లలో ఒకటి. వినడానికి ఇంతకంటే మంచిది ఉండదు. అయినా 2019లో వచ్చిన ఒక పరిశోధనలో పీహెచ్‌బీ సూక్ష్మ రేణువుల నుంచి రాలిన నానో రేణువులు నాచునూ డాఫ్నియానూ గట్టిగానే దెబ్బతీశాయి. పొలాల్లో కప్పే పలచటి ఫిల్ముల్లో వాడే పీబీఏటీ సంగతి ఇంకోలా ఉంది. 2018లో స్విట్జర్లాండ్ పరిశోధకులు దానిలోని కార్బన్‌కు గుర్తు పెట్టి మట్టిలో వదిలారు. మట్టిలోని సూక్ష్మజీవులు దాని మూడు రకాల పూసలనూ తిని కొంత కార్బన్ డయాక్సైడ్‌గా వదిలాయి, కొంత తమ ఒంట్లో కలుపుకున్నాయి. ముక్కలవడం ఒకటి, జీర్ణమవడం ఇంకొకటి. రెండోది జరుగుతోందని చూపిన పని కాబట్టి నాకు దాని మీద గౌరవం ఎక్కువ.

లేబుల్ చదివేటప్పుడు ఈ తేడానే పట్టుకోండి. ఒట్టి "బయోడిగ్రేడబుల్" అనే మాటకు విలువ లేదు. 2019లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు, ఆ పేరుతో అమ్మిన సంచీ మూడేళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్నాక కూడా సామాన్లు మోసిందని చూపించారు. ఆక్సో డిగ్రేడబుల్ అని ఉంటే అసలు తీసుకోకండి, అది మామూలు ప్లాస్టిక్ త్వరగా పొడి అయ్యేలా రసాయనం కలిపినది. యూరోపియన్ యూనియన్ 2021 జులై నుంచి దాన్ని నిషేధించింది. కంపోస్టబుల్ అని ఉండి ఈఎన్ 13432 (కంపోస్టయ్యే ప్యాకింగ్ కోసం యూరప్‌లో పెట్టిన ప్రమాణం) లాంటి ప్రమాణం సంఖ్య ఉంటే దానికి అర్థం ఉంది. ఆ ప్రమాణంలో 12 వారాలు అయ్యాక 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద 10 శాతం కంటే ఎక్కువ మిగలకూడదు. కనబడకుండా పొడి అయితే పాస్ చేస్తారని కొందరు అంటుంటారు, అది సరికాదు. 6 నెలల్లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలనే షరతు విడిగా ఉంది, ఆ ఎరువులో మొక్కలు మొలిచే పరీక్ష కూడా ఉంది. అయితే ఇదంతా పారిశ్రామిక కంపోస్టింగ్‌లో, సుమారు 58 డిగ్రీల దగ్గర జరిగే లెక్క.

ఇంట్లో ఏం చేయాలన్నదానికి వస్తే, ఈ గ్లాసులను చల్లటివాటికి ఒక్కసారి వాడి పక్కన పెట్టడంలో నాకు అభ్యంతరం లేదు. వేడివేడివి పోయకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి. 60 డిగ్రీలు దాటితే గొలుసులు వదులవుతాయని చెప్పాను కదా, రేణువులు రాలడమూ రసాయనాలు ఊరడమూ అప్పుడే ఎక్కువ. వేడికి వంగని రకాలూ ఉన్నాయి, కానీ వంగకపోవడం ఆకారానికి సంబంధించిన హామీ మాత్రమే. కడిగి మళ్లీ మళ్లీ వాడటం ఇంకా చెడ్డది. డిష్‌వాషర్‌లో వేడీ క్షారమూ రెండూ ఉంటాయి, మా ద్రావణంలో జరిగేదే అక్కడ నెమ్మదిగా జరుగుతుంది. గీతలు పడినవి, తెల్లగా మసకబారినవి పారేయండి. పిల్లలు రోజూ వాడేవాటికైతే స్టీలు, గాజు మించినవి లేవు. రాలే రేణువు లేనప్పుడు అది ఎంతకాలంలో అరుగుతుందని లెక్కలు వేసుకునే పనే ఉండదు.

కంపోస్ట్ సంగతి. ఇంటి కుప్పలో 58 డిగ్రీలు వారాల తరబడి నిలవడం చాలా అరుదు. అందుకని పీఎల్ఏ అందులో పెళుసుబారి ముక్కలవుతుంది గానీ జీర్ణం కాదు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో పీఎల్ఏ రేణువులు కలిపిన మట్టిలో రైగ్రాస్ అనే గడ్డి విత్తనాలు తక్కువ మొలిచాయి, మొలకల ఎత్తు కూడా తగ్గింది. మీ ప్లేటు మీద హోమ్ కంపోస్టబుల్ అని, దానికి తగిన సర్టిఫికెట్ గుర్తుతో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప ఇంటి కుప్పలో వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే కంగారు పడొద్దు, ఆ ఎరువును పారేయనూ వద్దు. సన్న జల్లెడ పట్టి కనబడే ముక్కలు తీసేయండి. మిగిలినదాన్ని పూల మొక్కలకు వాడుకుని, కూరగాయలకు కొత్తగా వేరే కుప్ప మొదలుపెట్టండి.